మామ పెట్టిన ఫారిన్ వాచీ

నా పెళ్లినాటికి నా దగ్గర పదకొండు వాచీలు ఉండేవి. పదకొండూ ఫారినువే, పైపైన. లోపల అన్నీ మన దేశం మెషిన్లే. రెండింటిలో అవి కూడా లేవు.

డెబ్బైల చివరి మాట. హనుమకొండలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ని. నా తోటివాళ్లు పేకాటతోనూ సినిమాలతోనూ చెడిపోతుంటే నేను డూప్లికేట్ వాచీలతో చెడిపోయాను. అసలు ఫారిన్ వాచీ కొనే తాహతు మా ఏడు తరాల్లో ఎవరికీ లేదు. కానీ దాన్ని చూసి చేసిన నకలు వరంగల్ చౌరస్తాలో మిరపకాయ బజ్జీ దొరికినంత సులువుగా దొరికేది. నిజం చెప్పాలంటే బజ్జీకే ఎక్కువసేపు నిలబడాల్సి వచ్చేది.

ఒక్కో వాచీది ఒక్కో ప్రతిభ. ఒకదాని మీద మూడు వందల అడుగుల లోతు నీళ్లలోనూ చెక్కుచెదరదని రాసి ఉండేది. నేను పప్పన్నం తిని చెయ్యి కడుక్కుంటే చాలు, అద్దం లోపల మబ్బులు కమ్మేవి. రెండు రోజుల దాకా తెరిపి ఇచ్చేది కాదు. ఇంకొకదానిలో పెద్ద గడియారం కడుపులో మూడు బుల్లి గడియారాలు ఉండేవి. విమానాలు నడిపేవాళ్లు పెట్టుకునే రకమట. ఆ మూడూ ఉత్త బొమ్మలు, వాటి ముళ్లు కూడా రంగుతో గీసినవే. మరొకదానికి తారీఖు కనిపించే చిన్న కిటికీ ఉండేది. ఆ తారీఖు ఒకటి దగ్గర ఇరుక్కుని నెల పొడుగునా అక్కడే ఉండిపోయింది. జీతగాడికి అంతకన్నా మంచి వాచీని ఏ దేశమూ తయారుచేసి ఉండదు.

కొని ఊరుకునేవాణ్ని కూడా కాదు. దీని ముళ్లు దానికి, దాని డయల్ దీనికి మార్చేవాణ్ని. మెషిన్‌ను పెట్రోలులో కడిగి, సూదిమొనతో ఆముదపు చుక్కలో ముప్పయ్యో వంతు నూనె వేసేవాణ్ని. పెట్రోలు అయిపోయి ఒకసారి కిరోసిన్‌తో కడిగాను. ఆ వాచీ పెట్టుకుని బస్సెక్కితే బీడీ వెలిగించబోయినవాళ్లు నన్ను చూసి ఆర్పేసేవారు. ఇంతకీ నాకున్న రోగం ఒక్కటే. మూత ఉన్న వస్తువు కనిపిస్తే దాని లోపల ఏముందో చూసేదాకా అన్నం సహించదు.

ఈ విద్యలో నా గురువు చౌరస్తాలో అద్దాల పెట్టె ముందేసుకుని కూర్చునే ముసలాయన. ఊరంతా ఆయన్ని చాచా అనేది. ఆయన కంట్లో పెట్టిన భూతద్దం నిద్రలో కూడా తీసేవాడు కాదని, నిఖా రోజున బేగం ముఖాన్ని కూడా దానిలోంచే చూసి, వాచీ మెషిన్‌లో రాళ్లు లెక్కపెట్టినట్టు ‘పదిహేడు రాళ్లూ సరిగ్గా ఉన్నాయి’ అన్నాడని బజారులో చెప్పుకునేవారు. బజారులో అంటే, నేనే చెప్పేవాణ్ని.

చాచా రిపేరే కాదు, వాచీలు పుట్టించేవాడు కూడా. ఎక్కడిదో ఖాళీ వాచీ డొక్కు, ఎక్కడిదో మెషిన్ తెచ్చి, ఉడుత తోక వెంట్రుకలతో కట్టిన కుంచెతో డయల్ మీద తానే ఫారిన్ పేరు రాసేవాడు. ఆయన చేతిలో పడ్డ ప్రతి గడియారానికీ మూత లోపలివైపు సూదితో ఒక గుర్తు గీసేవాడు. ఒక వాలుగీత, దాని కింద మూడు చుక్కలు. ఆ పని చేసే ప్రతివాడికీ అలాంటి గుర్తు ఒకటి ఉంటుంది. ఎందుకని అడిగాను.

“రేపు మళ్ల నా కాడికే వస్తె, ముందుగాల దాని పేగులు కెలికింది నేనేనా, ఇంకొకడా అని ఎరుక కావాలె గద బేటా? దవాఖాన చీటీ అసొంటిది గిది” అన్నాడు.

అలాంటి రోజుల్లో నాకు పెళ్లయింది.

మా మామది కొత్తవాడ. నలభై ఏళ్లుగా జంపఖానాలు నేసే మనిషి. వరసగా పది మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే బయట రోడ్డు మీద నిలబడి, “మూడో మగ్గం మీద పోగు తెగింది సూడుపోండ్రి” అనేవాడు. లోపలికి వెళ్లి చూస్తే తెగే ఉండేది. చీమ దగ్గితే ఎడమవైపు చీమా కుడివైపు చీమా అని చెప్పగల చెవి ఆయనది.

పెళ్లిలో అల్లుడికి వాచీ పెట్టడం మా వైపు రివాజు. మామ మండపంలో నిలబడి, మైకు అక్కర్లేని గొంతుతో చెప్పాడు.

“అసలు ఫారిన్! బొంబాయిల ఓడ దిగినంక సక్కగ నా చేతికే వచ్చింది!”

మా బాపు మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. వియ్యంకుణ్ని ఏడిపించకపోతే పెళ్లి సగమే అయినట్టని నమ్మేవాడు. వెంటనే అందుకున్నాడు.

“ఓడ దిగిందా బావా, లేకుంటె చౌరస్తల సైకిల్ దిగిందా?”

పందిరి పందిరంతా నవ్వింది. మామ నవ్వలేదు. నా చొక్కా చెయ్యి మోచేతిదాకా పైకి తోసి, ఫొటోగ్రాఫర్ వైపు తిప్పాడు. ఆ పెళ్లి ఫొటో ఇప్పటికీ ఉంది. అందులో మా ఆవిడ పెళ్లికూతురిలానే ఉంటుంది. నేను మాత్రం రక్తపరీక్షకు చెయ్యి చాపినవాడిలా ఉంటాను.

ఫొటో అయ్యాక మామ చెవిలో అన్నాడు, “ఒక్కటే మాట అల్లుడా. మూత తియ్యకు. కంపెనీ సీలు పోతది.”

పిల్లికి పాలకుండ కావలి అప్పగించాడు.

అయినా నెలల తరబడి ఓర్చుకున్నాను. ఓర్చుకోవడం అంటే, కుడిచెయ్యి ఆ మూత మీదికి పోకుండా పిరుదుల కింద పెట్టుకుని కూర్చునేవాణ్ని. ఆ వాచీ నడకేమో అద్భుతం. పొద్దున ఏడుకు, మధ్యాహ్నం మూడుకు, రాత్రి పదకొండుకు మిల్లు కూత కూసేది. వరంగల్ మొత్తం ఆ కూతకే ముళ్లు తిప్పుకునేది. మామ వాచీకి తిప్పాల్సిన పని ఉండేది కాదు. ఒక దశలో కూతే మామ వాచీని అడిగి కూస్తోందేమో అని నాకు అనుమానం వచ్చింది.

బాపు మాత్రం వదల్లేదు. వారానికొకసారి, “ఏంరా, మీ మామ ఓడ మునిగిందా, తేలుతాందా?” అని అడిగేవాడు. చివరికి ఒకనాడు తేల్చేశాడు. “బతుకమ్మ పండుగకు బిడ్డను తోల్కపోను వస్తడు గద మీ మామ. ఆ రోజు ముగ్గురం కలిసి చౌరస్తకు పోదాం. చాచాతోటి మూత తీపిద్దాం. ఫారినైతె బావ కాళ్లు మొక్కుత. కాకపోతె కొత్తవాడ దాక వినబడేటట్టు నవ్వుత.”

బాపు నవ్వు కొత్తవాడ దాకా కాదు, కాజీపేట దాకా వినిపించగలదు. అందుకే నాకు భయం పట్టుకుంది. మామ మాట నిలబడుతుందా, పోతుందా? మా ఆవిడ ముందు, వియ్యంకుడి ముందు, చౌరస్తాలో వచ్చేపోయే జనం ముందు తేలిపోతుంది. ఆ సంగతి ముందే తెలుసుకోవడం అల్లుడిగా నా ధర్మం కాదా? రోగానికి ధర్మం తోడైతే ఇక ఆపేదెవరు?

ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ పక్కింటికి వెళ్లినప్పుడు చాకుమొనతో మూత లేపాను.

లోపల టిక్కుటిక్కుమంటున్నది మన దేశం మెషినే. సొంత మేనమామను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాను. అలాంటివి నా డబ్బాలో ఆరు ఉన్నాయి. మూత తిరగేసి వెలుతురుకు పెట్టి చూశాను. వాలుగీత. దాని కింద మూడు చుక్కలు.

ఓడ బొంబాయిలో దిగలేదు. మా చాచా అద్దాల పెట్టెలోనే దిగింది.

ఇప్పుడు నన్ను తొలిచిన ప్రశ్న ఒక్కటే. మామ మోసపోయాడా, మమ్మల్ని మోసం చేశాడా? మొదటిదైతే పాపం. రెండోదైతే శభాష్. కానీ ఏదైనా బాపు నవ్వు మాత్రం ఒకేలా ఉంటుంది.

మర్నాడు ఆఫీసు ఎగ్గొట్టి చాచా దగ్గరికి వెళ్లాను. ఆయన వాచీని చెవి దగ్గర పెట్టుకుని, చిన్ననాటి దోస్తు గొంతు విన్నట్టు నవ్వాడు.

“నాదే. మంచిగ బతుకుతాంది.”

“దీన్ని ఎవలు చేపిచ్చుకున్నరు చాచా?”

“చెప్ప.”

“ఎవలికన్న అమ్మినవా? నిజం ఫారిన్ అని చెప్పి అమ్మినవా?”

చాచా కంటిలోంచి భూతద్దం తీశాడు. నేను చూస్తుండగా తీయడం అదే మొదటిసారి. “చేసిచ్చింది ఎవనికో వానికి తెలుసు, నాకు తెలుసు, పైన అల్లాకు తెలుసు. నాలుగోవాడు నువ్వెందుకు బేటా?”

“అయితే ఒక్క పని చెయ్యి. బాపు మూత తీపిస్తె ఫారినే కనబడాలె. దీంట్ల అసలు స్విస్ మెషిన్ పెట్టియ్యి. నా దగ్గరున్నది.”

ఉన్న మాటే. ఆ ఏడాది మాఘంలో మేడారం జాతరకు వెళ్లినప్పుడు దొరికింది. అక్కడ అమ్మవార్లకు బెల్లం తూకం వేసి ఇస్తారు, దాన్ని బంగారం అంటారు. కోటి మంది తలల మీద, భుజాల మీద బంగారం మోసుకుపోతుంటారు. ఇది డూప్లికేట్ కదా అని ఇంతవరకూ ఒక్క నోరూ అనలేదు. మా ఆవిడ తన ఎత్తు బంగారం ఇచ్చి మొక్కు తీర్చుకుంటుంటే, నేను పాత సామాన్ల దుకాణంలో ఒక తుప్పు డొక్కు చూశాను. అద్దం లేదు, ముళ్లు లేవు. లోపల నిజమైన స్విస్ మెషిన్ ఉంది. కొని జేబులో వేసుకున్నాను.

చాచా రెండు చేతులూ పైకెత్తాడు. “తోబా! నడిచే గుండె తీసి, నడవని గుండె పెట్టాల్నా? నేను చెయ్య. నీకు చేతులున్నయి గద. జర నీ పాపం నువ్వే చేసుకో.”

చేసుకున్నాను. మూడు ఆదివారాలు పట్టింది. గుండె ఆపరేషన్ చేసే డాక్టరుకైనా అంత చెమట పట్టి ఉండదు, ఆయనకు పక్కన నర్సులుంటారు. స్విస్ మెషిన్‌ను కడిగాను, తుప్పు గీకాను, డయల్‌ను మెషిన్‌కు పట్టి ఉంచే బుల్లి కాళ్లు అరగదీసి అతికించాను. చివరికి అది నడిచింది. నడక ఎలాంటిదంటే, గంటకు రెండు నిమిషాలు వెనకబడేది. వేగం పెంచే మీటను చివరిదాకా తోసినా అంతే. స్విట్జర్లాండులో దానికి ఏ తొందరా ఉండేది కాదేమో. రోజూ పొద్దున కూతకు ముల్లు సరిచేసేవాణ్ని. సాయంత్రం అందరూ ఆఫీసు నుంచి వెళ్లిపోయాక కూడా నేనొక్కణ్ని కూర్చుని పనిచేస్తుంటే, ఆఫీసరు నా శ్రద్ధ చూసి మురిసిపోయాడు.

తీసిన పాత మెషిన్‌ను ఏం చేయాలి? బంగారంలాంటి నడక, పారేయబుద్ధి కాలేదు. ఎప్పుడో బాపుకు నేనిచ్చిన డూప్లికేట్ ఒకటి చాలాకాలంగా ఆగిపోయి ఆయన చేతికి గాజులా పడి ఉంది. దాన్ని తీసుకుని మామ మెషిన్ అందులో పెట్టి ఇచ్చాను. బాపు రెండు రోజులు కూతతో పోల్చి చూసి, “మిల్లు మనిషి వాచీ అంటె గిట్లుండాలె” అని తొడ చరిచాడు.

బతుకమ్మ పండుగ వచ్చింది. మామ వచ్చాడు. ఆ రోజు నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. మా ఆవిడ పుట్టింటికి వెళ్లడానికి పెట్టె సర్దుకుంటోంది. బాపు, మామ మంచం మీద ఎదురెదురుగా కూర్చున్నారు. భోజనాలయ్యాయి. బాపు మీసం తడుముకుంటూ, “ఇగ చౌరస్తకు పోదామా బావా?” అని అప్పుడే మొదలుపెట్టబోయాడు.

మూడు గంటల కూత కూసింది.

మామ కళ్లు అలవాటుగా నా చేతి మీదికి వచ్చాయి. ముళ్లు మూడుకు పదహారు నిమిషాల ఇవతల తాపీగా నడుస్తున్నాయి. నేను చెయ్యి వెనక్కి దాచబోయాను. అప్పటికే పట్టుకున్నాడు.

“అల్లుడా, కీ ఇయ్యలేదా?”

“ఇచ్చిన మామా.”

“కింద పడేసినవా?”

“లేదు మామా.”

వాచీ విప్పించి చెవికి ఆనించుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. కొత్తవాడ మగ్గాలన్నీ ఆగి ఆయన వైపే చూస్తున్నట్టు అనిపించింది. కళ్లు తెరిచాడు.

“గిది నా గడియారం కాదు.”

బాపుకు ఇందులో ఏ పక్క నవ్వాలో తోచలేదు. కానీ తన చెయ్యి ఎత్తి చూపించే అవకాశం వదులుకోలేదు. “సూడు బావా, మూడంటె మూడు! నా కొడుకు నాకిచ్చింది సూడు, నువ్వు నా కొడుక్కిచ్చింది సూడు!”

అలా ఎత్తిన చెయ్యి మామ చెవి పక్కనుంచి పోయింది. మామ దాన్ని గాలిలోనే పట్టుకుని చెవికి లాక్కున్నాడు. బాపు మంచం మీద సగం ఒరిగిపోయాడు.

“గిదీ నాది!”

“నా చెయ్యి నీదెట్లయితది బావా? విడువు!”

“చెయ్యి నీదే. లోపల కొట్టుకునేది నాది.”

ఇద్దరూ నా వైపు చూశారు. ఇక దాచి లాభం లేదు. మూత తీశానని, మెషిన్ మార్చానని, దాన్ని బాపు వాచీలో పెట్టానని చెప్పాను. ఎందుకు మార్చానో మాత్రం చెప్పలేదు. చెబితే మామ మాట పోతుంది. చెప్పకపోతే మామ పెట్టింది పదహారు నిమిషాలు తప్పే వాచీ అవుతుంది. బాపు అటే పట్టుకున్నాడు.

“మార్చిండంటె, నువ్వు పెట్టింది సక్కగ నడవకనే గద మార్చిండు! ఓడ మాల్ ఓడకే తగ్గట్టున్నది!”

మామ ముఖం జంపఖానా ఎరుపు రంగుకు తిరిగింది. లేచి నిలబడ్డాడు.

“సక్కగ నడవకనా? బావా, నువ్వు ఎన్నన్న అను గని గా మాట అనకు. ఫారిన్ కాదది. చౌరస్తల చాచా కాడ కూసోని చేపిచ్చిన. నాలుగు మెషిన్లు వెనక్కిచ్చిన, చప్పుడు మంచిగ లేదని. ఐదోది తీసుకొని యాడాది నా కాడ పెట్టుకున్న. దినాం మూడు కూతలకు సూసిన. ఒక్క నిమిషం తప్పలె. గప్పుడు గద అల్లునికి పెట్టిన! బొంబాయని అబద్ధమాడిన, ఒప్పుకుంటాన. అంత పెద్ద మండపంల చౌరస్త అని చెప్తె మంచిగుంటదా? కని తప్పు నడిచే గడియారం నా బిడ్డ ఇంటికి నేను పెడ్తనా?”

బాపు పెళ్లినాటి నుంచి దాచిపెట్టుకున్న నవ్వు నోట్లోనే ఉండిపోయింది. దాన్ని మింగలేక, ఉమ్మలేక ఆయన పడ్డ అవస్థ చెప్పనలవి కాదు.

పెట్టె మూస్తున్న మా ఆవిడ తలెత్తకుండానే అంది, “యాడాది పొడుగూత దిండు కింద పెట్టుకోని పండిండు మా నాయిన. చాచా చేసిండని నాకు పెండ్లికి ముందుగాల్నే ఎరుక.”

“మరి నాకెందుకు చెప్పలె?” అన్నాను.

“నన్ను ఎవలన్న అడిగిన్రా? మీరిద్దరు మూత తీసుట్లనే ఉంటిరి.”

మామ బాపు వైపు చెయ్యి చాపాడు. “ఇయ్యి.”

“ఇయ్య” అన్నాడు బాపు. “నా కొడుకిచ్చిండు.”

“నీ కొడుకు నాది తీసి ఇచ్చిండు.”

“పెండ్లిల పెట్టినంక గది నా కొడుకుదే గద. వాని సొమ్ము, వాని తండ్రికిచ్చిండు. నీకేం పని?”

నిమిషం కిందటి దాకా ఆ వాచీ డూప్లికేట్ అని తేల్చడానికి నెలలుగా కాచుకున్న మనిషి, ఇప్పుడు డూప్లికేట్ అని ఖాయంగా తెలిశాక వదలనంటున్నాడు. ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. ఏ కోర్టూ దీనికి తీర్పు చెప్పజాలదని నాకు అర్థమై, ముగ్గురం కలిసి ఒకే రిక్షాలో చౌరస్తాకు వెళ్లాం. మధ్యలో నేను. రెండు వైపులా ఇద్దరు తండ్రులు అలిగిన ముఖాలతో. రిక్షా తొక్కేవాడు మమ్మల్ని పంచాయితీకి వెళ్తున్న భూమి తగాదావాళ్లు అనుకున్నాడు.

చాచాకు ఒక్క ముక్క చెప్పనక్కర్లేకపోయింది. రెండు వాచీలూ అద్దాల పెట్టె మీద పెట్టగానే మామ వైపు చూసి, “ఆదాబ్. రెండేండ్లు కావచ్చింది మిమ్ముల సూసి” అన్నాడు. నా వైపు చూడనే లేదు. పది నిమిషాల్లో మామ మెషిన్ మామ వాచీలోకి వెళ్లిపోయింది. మామ దాన్ని చెవికి పెట్టుకుని విని, నా చేతికి తానే కట్టాడు. పెళ్లినాడు కట్టినదానికంటే ఒక చిల్లు బిగుతుగా కట్టాడు. ఇక విప్పే ప్రశ్న లేదన్నట్టు.

గిన్నెలో స్విస్ మెషిన్ మిగిలింది. చాచా దాన్ని చిన్న పట్టకారుతో పైకెత్తి చూపించాడు.

“అసలు ఫారిన్. ఎవలికి కావాలె?”

మామ రోడ్డు వైపు చూశాడు. నేను రిక్షా వైపు చూశాను.

బాపు తన ఖాళీ వాచీ డొక్కును పెట్టె మీద పెట్టి, గొంతు సవరించుకున్నాడు. “నాకూ బావ చేపిచ్చిన అసొంటిదే చెయ్యి చాచా. చప్పుడు బావనే సూడనియ్యి, ఆయన చెవి మంచిది. యాడాది ఆయన కాడనే ఉంచనియ్యి. తొందర లేదు.”

మామ ముఖంలో ఎరుపు దిగిపోయింది. “పెడ్త బావా. మూడు కూతలకు సూస్త” అన్నాడు.

చాచా భూతద్దం కంట్లోకి తోసుకుని, కుంచె ఏరుకున్నాడు. “డయల్ మీద ఏం రాయాలె?”

బాపు మామ వాచీ మీదికి వంగి, డయల్ అడుగున ఉన్న చిన్న అక్షరాలను చాలాసేపు చూశాడు. తర్వాత చాచా చెవి దగ్గరికి జరిగి, మాకు వినబడకూడదనుకునే మనిషి గొంతుతో, చౌరస్తా అంతా వినేలా అన్నాడు.

“బావ దానిమీద రాసిన దేశంకంటె జర పెద్ద దేశం ఏదున్నదో సూసి, గది రాయి.”